కాలమును దాటిన ప్రేమ



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ప్రేమను గూర్చి. తల నెరసినవాడు ప్రేమను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పు లేదు. నేను ముప్పదియారు సంవత్సరములు రైలుబండికి గార్డుగా పనిచేసి, పింఛను పుచ్చుకొని, సికింద్రాబాదులో సీతాఫలమండి వద్ద చిన్న యింట కాలము గడుపుచున్నవాడను. పచ్చజెండా, ఎర్రజెండా, ఈల, గడియారము, ఇవి తప్ప నాకు మరియొక విద్య రాదు. అయినను కాలమును గూర్చి మాటాడుటకు గార్డునకు కొంత యధికారము కలదని నా నమ్మకము. బండి రెండు నిమిషములు ఆలస్యమైనను పుస్తకములో వ్రాయవలసినవాడు వాడే గదా!

మొన్న సంక్రాంతి సెలవులకు మా కుమార్తె కొడుకు, పదునొకండేండ్ల బాలుడు, మా యింటికి వచ్చెను. ఒకనాటి రాత్రి టెలివిజనులో 'మనం' అను చలనచిత్రమును చూపిరి. నేను కుర్చీలో కూర్చుంటిని. నా భార్య గుమ్మము వద్ద చాప వేసికొని చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండెను. పిల్లవాడు మా యిద్దరి నడుమ నేలమీద చతికిలబడెను. చిత్రము ముగిసిన పిమ్మట వాడు నావైపు తిరిగి, "తాతయ్యా, వచ్చే జన్మలో కూడా నువ్వు అమ్మమ్మనే పెళ్ళి చేసుకుంటావా?" అని యడిగెను.

"చేసుకుంటానురా, ఇంకెవరిని చేసుకుంటాను?" అని నేను తడుముకొనక చెప్పితిని.

వాడు అంతటితో ఊరకుండలేదు. "అమ్మమ్మా, మరి నువ్వో?" అనెను.

ఆమె తల యెత్తలేదు. "ఆ సంగతి మీ తాతగారినే అడుగు" అని, చిక్కుడుకాయల చేట తీసికొని వంటయింటిలోనికి పోయెను.

ఆ మాట వెనుక నొక కథ యున్నది. దానిని చివర చెప్పెదను. ముందుగా చలనచిత్రపు కథను వినుడు.

ప్రేమ మరణముతో ముగియదను నమ్మకము మనకు క్రొత్తది కాదు. దక్షుని యజ్ఞవాటికలో దేహము విడిచిన సతీదేవి, హిమవంతునకు కూతురై పుట్టి, తపస్సు చేసి, మరల ఆ శివునే భర్తగా పొందెనని మనము పసితనము నుండి వినుచున్నాము. వివాహము ఏడేడు జన్మల బంధమని పెద్దలు చెప్పుదురు. మన తెలుగు చలనచిత్రములు ఈ నమ్మకమును చక్కగా వాడుకొన్నవి. 1964వ సంవత్సరములో ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున వచ్చిన 'మూగమనసులు' మీలో చాలమంది చూచియే యుందురు. గోదావరిలో పడవ నడుపుకొను గోపి, జమీందారు బిడ్డ రాధ, వారి మనసులోని మాట పెదవి దాటనే లేదు. క్రొత్తగా పెండ్లియైన దంపతులు పడవమీద పోవుచుండగా, ఎప్పటిదో తెలియని బాధ వారిని కలచివేయును. వారే వెనుకటి గోపియు రాధయు. ఆ కథ చెప్పుటకు గౌరి యను ముసలమ్మ గట్టున బ్రదికియుండెను. గోపిగా అక్కినేని నాగేశ్వరరావుగారు, రాధగా సావిత్రిగారు, గౌరిగా జమునగారు నటించిరి. ఆ చిత్రమే తరువాత 1967లో 'మిలన్' అను పేర హిందీలో వచ్చి ఉత్తరదేశమువారిని గూడ ఏడిపించెను.

సరిగా ఏబది సంవత్సరములకు, 2014 మే 23వ తేదీన, 'మనం' వచ్చెను. దీనిలోను నాగేశ్వరరావుగారే యున్నారు. ఆనాటి పడవవాడు ఈనాడు తొంబదియేండ్లకు చేరువైన వృద్ధుడు. జబ్బుతో నుండియు ఆయన తన పాత్రకు తానే గాత్రమిచ్చెను. చిత్రము విడుదల కాకమునుపే, 2014 జనవరి 22వ తేదీన, కన్నుమూసెను. చూచువారికి ఆయన తెరమీద నవ్వుచు కనబడునప్పటికి ఆయన లేడు.

ఆ కథ యిట్టిది. రాధామోహనుడు, కృష్ణవేణి యను దంపతులకు బిట్టు అని ముద్దుపేరు గల చిన్న కొడుకు గలడు. పొరపొచ్చములు పెరిగి, ఇక విడిపోవలెనని నిశ్చయించుకొందురు. పిల్లవాడు చూచుచునే యుండును. అంతలో మోటారు ప్రమాదమున ఇద్దరును మరణింతురు. బాలుడు పెరిగి గొప్ప వర్తకుడై, నడివయస్సున, విమానములో నొక యువకుని చూచును. అచ్చముగా తండ్రి ముఖము! పిదప తల్లి ముఖము గల యువతియు కనబడును. వారిద్దరికిని ఒకరితో నొకరికి పరిచయము లేదు. చిన్ననాడు తాను చేయలేకపోయిన పనిని, అనగా తల్లిని తండ్రిని కలుపుటను, ఈ నడివయస్సు బిడ్డడు తలకెత్తుకొనును. ఇంతలో నొక వృద్ధుడు, ఈ వర్తకునిలోను ఒక వైద్యురాలిలోను, ఎన్నడో చనిపోయిన తన తలిదండ్రులను పోల్చుకొనును. తన కొడుకు వయస్సు వానిని చూచి ఆ ముసలివాడు "నాన్నా!" అని పొంగిపోవును.

ఇందులో నొక చమత్కారము కలదు. వృద్ధుడు నాగేశ్వరరావుగారు. ఆయనకు తండ్రిగా నటించినవాడు ఆయన కుమారుడు నాగార్జున. ఆ నాగార్జునకు తండ్రిగా నటించినవాడు ఆయన కుమారుడు నాగచైతన్య. తాతకు కొడుకు తండ్రియైనాడు, కొడుకునకు మనుమడు తండ్రియైనాడు. మా పిల్లవాడు ఈ వరుసలు వ్రేళ్ళమీద లెక్కపెట్టి తికమకపడి నవ్వెను.

నేను మాత్రము నవ్వలేకపోతిని. నాకొక సంగతి తోచెను. 'మూగమనసులు'లో పూర్వజన్మ స్మృతి ప్రేమించినవారికే కలుగును. 'మనం'లో యువకునికి వెనుకటిది యేమియు తెలియదు. యువతికి జ్ఞాపకము వచ్చినను కలహమే జ్ఞాపకము వచ్చి అతనిని దూరముగా నుంచును. అనురాగమును జ్ఞాపకము పెట్టుకొనినవారు వారి బిడ్డలు. తల్లి నవ్విన నవ్వును, తండ్రి మాటను, వారి కలహమును గూడ దాచియుంచి, ఇన్నేండ్లు మోసికొని వచ్చినవారు వారే. అట్లయిన ప్రేమను కాలమును దాటించు పడవవాడు బిడ్డయే కాని వేరొకడు కాడు.

ఇది కల్పితకథ గదా యందురేమో. పునర్జన్మ సంగతి నేను చూచి వచ్చినవాడను కాను. కాని బిడ్డ జ్ఞాపకములో ప్రేమ కాలమును దాటుననుటకు మా యూరి చరిత్రతో ముడిపడిన నిజమైన కథ యొకటి కలదు.

'మనం' చిత్రములో నొక గడియారస్తంభము మాటిమాటికి కనబడును. మా సికింద్రాబాదులోను గడియారస్తంభము కలదు. నూటయిరువది యడుగుల యెత్తున, 1897వ సంవత్సరము నుండి, బాటసారులకు వేళ చెప్పుచున్నది. ఆ స్తంభము కంటె ఊరు పెద్దది. హుస్సేను సాగరమునకు ఉత్తరమున కుంఫిణీ పటాలము దిగియున్న దండునకు, 1806లో, నిజాము సికందర్ జా పేరు పెట్టగా సికింద్రాబాదు అయినది. అసలు ఆ పటాలము నిజాము రాజ్యమున స్థిరముగా నిలుచుటకు 1798వ సంవత్సరపు సంధి కారణము. ఆ సంధిని కుదిర్చిన తెల్లదొర జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు, హైదరాబాదులో కుంఫిణీవారి రెసిడెంటు.

ఈ దొర నవాబుల కుటుంబమునకు చెందిన ఖైరున్నీసా బేగమును ప్రేమించి, మహమ్మదీయ మతాచారము ప్రకారము పెండ్లాడెను. అందుపై పై యధికారులు విచారణలు జరిపిరి. ఆయన ఉద్యోగము పోవునంత పని అయ్యెను. అయినను ఆయన ఆమెను విడువలేదు. కోఠీలో, నేడు మహిళా విశ్వవిద్యాలయము నడచుచున్న తోటలో, ఆయన కట్టించిన గొప్ప మేడ ఇప్పటికిని కలదు. ఆ మేడకు అచ్చుపోసినట్టి బొమ్మమేడ యొకటి ఆ తోటలోనే యున్నది. ఘోషాలోనుండు బేగము మేడను తిరిగి చూడజాలదు గనుక, ఆమె చూచుకొనుటకై ఆయన దానిని కట్టించెనని జనులు చెప్పుకొందురు.

వారికి ఇద్దరు బిడ్డలు, ఒక కొడుకు, ఒక కూతురు. 1805లో, కొడుకునకు నాలుగేండ్లు, కూతురునకు మూడేండ్లు నిండీ నిండకుండగా, ఆ కాలపు దొరల వాడుక ననుసరించి వారిని చదువులకై సీమకు ఓడ యెక్కించిరి. తల్లికి గర్భశోకమే మిగిలెను. ఆ సంవత్సరమే అక్టోబరులో తండ్రి కలకత్తాలో జబ్బుచేసి మరణించెను. తల్లి మరల బిడ్డలను చూడకయే 1813లో కన్నుమూసెను. అప్పటికి ఆమెకు ముప్పదియేండ్లయినను నిండలేదు.

సీమలో బిడ్డల పేర్లు మారెను, మతము మారెను, భాష మారెను. సాహెబ్ బేగము అను నా చిన్నది కిట్టీ కిర్కుపాట్రికు అయ్యెను. ఆమె పెరిగి పెండ్లాడి బిడ్డల తల్లియైనది. హైదరాబాదు మాట తలచుకొనుటకు ఆమెకు కారణమే లేదు. కాని నలువదవ యేట, వెనుక హైదరాబాదులో కొలువు చేసి వచ్చిన యొక దొర యింట, గోడకు వ్రేలాడుచున్న పటమును చూచి ఆమె వెక్కివెక్కి యేడ్చెను. అది తానును అన్నయు దేశము విడుచునాడు మద్రాసులో చిత్రించిన పటము. పిమ్మట, తన తల్లికి తల్లియైన షరఫున్నీసా బేగము హైదరాబాదులో ఇంకను జీవించియున్నదని ఆమెకు తెలిసెను. ముప్పదియైదేండ్లు దాటిన తరువాత మనుమరాలు అమ్మమ్మకు ఇంగ్లీషున ఉత్తరము వ్రాసెను. అమ్మమ్మ పారసీకమున బదులు వ్రాయించెను. ఉత్తరములు కొన్ని సంవత్సరములు నడచెను. ఒకరినొకరు చూచుకొనుట మాత్రము పడలేదు.

కిట్టీ వ్రాసిన దానిలో ఒక సంగతి నన్ను విడువకున్నది. తాము విడిపోయిననాడు తల్లి యేడ్చిన యేడుపు తనకు జ్ఞాపకమున్నదనియు, ఆమె కూర్చున్న చోటు ఇంకను కన్నులకు కట్టినట్లున్నదనియు వ్రాసెను. ఆలోచింపుడు. మూడేండ్ల పిల్ల! దానికి సంధి తెలియదు, పటాలము తెలియదు, తండ్రి కట్టించిన మేడ తెలియదు. తల్లి కూర్చున్న చోటు తెలియును.

ఇక నా కథ చెప్పెదను.

1987వ సంవత్సరము చలికాలము. మా యత్తగారు జనగామకు ఆరు మైళ్ళ దూరమున నొక పల్లెలో నుండెను. జబ్బు ముదిరినదని కబురు వచ్చెను. అప్పుడు నేను సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు ప్యాసింజరు బండికి గార్డును. ఆ బండి జనగామలో ఆగును. మా కుమార్తెకు నాలుగేండ్లు, ఒంటినిండ తట్టు పోసియుండెను. నా భార్య నాతో, "రెండు రోజులు సెలవు పెట్టి బిడ్డను చూసుకోండి, నేను పోయి మా అమ్మను చూసి వస్తాను" అనెను. అప్పుడే నన్ను మెయిలు బండికి మార్చుదురని మాట నడచుచుండెను. అట్టి వేళ సెలవడిగిన నా పేరు వెనుకబడునని భయపడి నేను అడుగనేలేదు. ఇంటికి వచ్చి, "అడిగాను, ఇవ్వమన్నారు" అని చెప్పితిని.

మూడవనాడు నా బండి జనగామలో ఆగెను. మా బావమరిది ప్లాటుఫారము మీద నన్ను వెదకుకొనుచు వెనుక పెట్టె వద్దకు వచ్చి, తెల్లవారుజామున తల్లి పోయినదనియు, కూతురు వచ్చినదా యని రాత్రియంతయు అడిగినదనియు చెప్పెను. అంతలో సిగ్నలు పడెను. నేను ఈల వేసి పచ్చజెండా ఊపితిని. ఆ దినము బండి సరియైన వేళకే బయలుదేరినట్లు నా పుస్తకములో వ్రాసితిని.

నా భార్య పదునొకండు దినములు పుట్టింట నుండి తిరిగివచ్చెను. తగవాడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆనాటి నుండి నాతో నేరుగా మాటాడుట మానివేసెను. "మీ నాన్నగారిని అన్నానికి రమ్మను", "నీళ్ళు కాగాయని మీ నాన్నగారితో చెప్పు", అన్నియు బిడ్డ మీదుగానే. ఇల్లు నడచెను, పండుగలు వచ్చెను, పోయెను. చూచువారికి మా యింట కొరత కనబడదు. నేనును దానికి అలవాటు పడితిని.

కొన్ని యేండ్ల క్రిందట మా కుమార్తె యింటికి పోయియుంటిని. భోజనము వేళకు ఆమె తన కొడుకును పిలిచి, "మీ నాన్నగారిని అన్నానికి రమ్మను" అనెను. అల్లుడు ప్రక్క గదిలోనే, పిలిచిన పలుకునంత దూరములో, కూర్చుండియుండెను. వారికి ఏ కలహమును లేదు. సంసారమన్న ఇట్లే యుండునని మా బిడ్డ మమ్ము చూచి నేర్చుకొన్నది. ఆనాడు నాకు ముద్ద మింగుడుపడలేదు. కాలమును దాటిపోవునది ప్రేమ యొక్కటే కాదు. మనము బిడ్డల యెదుట ఏది పెట్టిన అది దాటిపోవును.

ఇంత తెలిసియు నోరు మెదపలేకపోతిని. సంక్రాంతి సెలవులలో ఆ చిత్రము చూచిన రాత్రి, పిల్లవాడు నిద్రపోయిన తరువాత, వంటయింటి గుమ్మములో నిలుచుండి చెప్పితిని. "ఆనాడు నేను సెలవు అడగలేదు. అడిగానని నీతో అబద్ధం చెప్పాను."

ఆమె చిక్కుడుకాయ తుంచుచునే, "నాకు తెలుసు" అనెను. "ఆ వారమే తెలిసింది. మీతో పనిచేసేవారి భార్య చెప్పింది."

"మరి ఇన్నేళ్ళూ నన్ను ఒక్కమాటైనా అడగలేదేం?"

"మీరే చెపుతారేమోనని చూశాను."

నాకు మాట రాలేదు. కొంతసేపటికి ఆమె చేట ప్రక్కకు పెట్టి, చేతులు కడుగుకొని, నా ముఖము చూచి, "వచ్చే జన్మ సంగతి అప్పుడు చూద్దాం. పొద్దున జనగామకు బండి ఎన్నింటికి?" అని నన్నే యడిగెను.

మరునాడు ముగ్గురమును పోయితిమి. అత్తగారి యిల్లు కూలిపోయి మొండిగోడలు మిగిలియున్నవి. నా భార్య లోపలికి పోయి, ఒక మూలను చూపి, "మా అమ్మ మంచం ఇక్కడ ఉండేది" అని మనుమనితో చెప్పెను. తిరుగు ప్రయాణమున జనగామ ప్లాటుఫారము మీద, నేను పచ్చజెండా ఊపిన చోట, వానికి ఉన్నది ఉన్నట్లు సమస్తమును చెప్పితిని. చెప్పవలసిన పని యేమని మీరడుగవచ్చును. మా మౌనము వానిదాక వచ్చినది గదా, దాని కారణమును వానిదాక రావలెనని నాకు తోచినది. వాడు చాలసేపు పలుకక, "అమ్మకు కూడా చెప్తాను" అనెను.

గ్రామములలోని పెద్దలారా, మీ యిండ్లలోను ఇట్టి మౌనములు కొన్ని యుండవచ్చును. సరిహద్దు గట్టు మీద వచ్చినవో, పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన భూమి మీద వచ్చినవో, అన్నదమ్ములవో, ఆలుమగలవో. ఎదుటివారికి తెలియదని మనమనుకొందుము. వారు మనము చెప్పుదుమేమోనని ఎదురుచూచుచుందురు. చలనచిత్రములోని దంపతులకు తప్పు దిద్దుకొనుటకు మరియొక జన్మము దొరకినది. కిట్టీకి ఉత్తరములు మాత్రము దొరకినవి. నాకు ఈ జన్మలోనే కొంచెము వేళ మిగిలినది.

గార్డు పుస్తకములో ఆలస్యమును వ్రాయుటకొక గడి, దానికి కారణము వ్రాయుటకొక గడి యుండును. నా యాలస్యము ముప్పదియెనిమిది సంవత్సరములు. కారణము నేనే. ఈ సాయంకాలము మీ యెదుట రెండును వ్రాసికొంటిని.

ఈ ప్రసంగమును మా యింట రేడియో వద్ద కూర్చుండి నా భార్యయు వినుచుండును. ఇంటికి పోవునప్పటికి అన్నము చల్లారినదని ఆమె కోపపడును. ఆ కోపము ఇప్పుడు నేరుగా నామీదనే.

సెలవు. నమస్కారము.